జూనియర్ ల్యాప్‌టాప్

డాక్టర్ హేమసుందరి అడిగింది ఏనుగును కాదు. స్కూటీ సీటు కింద పెట్టెలో పట్టే చిన్న ల్యాప్‌టాప్. బరువు కిలోకి అటూ ఇటూ ఉంటే చాలు. పొద్దున ఛార్జింగ్ పెడితే సాయంత్రం దాకా నడిస్తే చాలు. ఎండలో నిలబడి చూసినా అక్షరాలు కనబడాలి. పేడ చేత్తో ముట్టుకున్నా తుడిస్తే పోయే ప్లాస్టిక్ ఒళ్ళయితే మరీ మంచిది. బజారులో ఇలాంటివి మంచి ఫోను కన్నా చవగ్గా దొరుకుతున్నాయి. పెద్ద పనులకి ఆఫీసులో బల్లమీద పెద్ద కంప్యూటర్ ఎలాగూ ఉంది. ఇది ఊళ్ళు తిరగడానికి రెండోది, అంతే.

ఆమె రంగవలస పశుక్షేమ శాఖలో పశువైద్యురాలు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమె ఒక్కతే. ఆ ఏడాది శాఖ పెద్దలకు కొత్త ఉత్సాహం ఒకటి పుట్టింది. దాని పేరు ‘అక్కడికక్కడే’ పథకం. పశువుకు అంటుజబ్బు ఎక్కడ కనిపిస్తే డాక్టరు అక్కడి నుంచే కంప్యూటర్‌లో రిపోర్టు పెట్టాలి. రిపోర్టు పెట్టిన చోట రాష్ట్ర పటం మీద ఎర్రచుక్క వెలుగుతుంది. చుక్క వెలిగిన చోటికి టీకామందు బయల్దేరుతుంది. ప్రారంభోత్సవం నాడు పెద్దలు పటాన్ని గోడంత తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకున్నారు. ఊళ్ళోంచి రిపోర్టు పెట్టడానికి డాక్టరు చేతిలో ఏముందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

కాగితం మీద రాసిస్తే చెల్లదు. ఫోనులో తెరిస్తే ‘దయచేసి కంప్యూటర్ వాడగలరు’ అని మర్యాదగా చెప్పి మూసుకుపోతుంది. సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకుంటానంటే, ప్రైవేటు యంత్రానికి ప్రభుత్వ సమాచారం చూసే అర్హత లేదన్నారు. దాంతో హేమసుందరి పగలంతా ఊళ్ళు తిరిగి, సాయంత్రం ఆఫీసుకొచ్చి బల్లమీది కంప్యూటర్‌లోనే రిపోర్టులు పెట్టేది. చుక్కలన్నీ ఆఫీసు మీదే వెలిగేవి. పటం చూస్తే మండలంలో ఊళ్ళన్నీ పచ్చగా ఆరోగ్యంగా ఉన్నాయి, పశుక్షేమ శాఖ కార్యాలయం ఒక్కటే సెగగడ్డలా ఎర్రగా పొంగి ఉంది.

ఆ లెక్క ప్రకారమే తాడిగూడ అనే ఊరి కోసం ఆమె అడిగిన టీకాలు ఒక పొద్దున ఆఫీసు గుమ్మంలో దిగాయి. సూపరింటెండెంటు సన్యాసిరావు వాటిని ఐసుపెట్టెతో సహా వెనక్కి పంపేశాడు. ‘పటము ప్రకారము ఇవి ఈ ఆవరణలోని పశువుల నిమిత్తము వచ్చినవి. ఆవరణలో పశువులు లేవు’ అని రాసి పంపాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

తాడిగూడలో ముద్దచర్మం జబ్బు అప్పుడే మొదలైంది. పశువుకు ఒళ్ళంతా గడ్డలు లేచి, జ్వరమొచ్చి, మేత ముట్టకుండా కూలబడిపోయే జబ్బది. తగిలిన పశువును వేరుగా కట్టి, తగలనివాటికి వెంటనే టీకాలు వేసేస్తే ఊరు గట్టెక్కుతుంది. వేయకపోతే ఈగలూ దోమలూ దాన్ని కొట్టం నుంచి కొట్టానికి మోసుకెళ్తాయి. అప్పటికి ఊరి చివర రెండు కొట్టాల్లోనే ఉంది. వాటి పక్క కొట్టం ఎర్నమ్మది. మొగుడు పోయాక నాగలి తనే పట్టి, జత ఎద్దులతో ఉన్న చిన్న పొలం చెక్కను దున్నుకుని బతుకుతున్న మనిషి ఎర్నమ్మ. తొలకరి దగ్గర పడుతోంది.

“ఏటమ్మా డాక్టరమ్మా, పక్కింటోల ఆవుకొచ్చీసింది. నా ఎద్దులకి సూది ఎప్పుడేస్తావు?” అని ఆమె రోజూ అడిగేది.

“వేస్తాను ఎర్నమ్మా. ముందు చిన్న కంప్యూటర్ ఒకటి రావాలి.”

“ఎద్దు సూదికీ కంప్యూటరుకీ ఏటమ్మా సమ్మందం?”

హేమసుందరి స్కూటీ స్టార్టు చేసి ఆఫీసుకు పోయి, రెండో కంప్యూటర్ కోసం అర్జీ పెట్టింది.

*

సన్యాసిరావు చెడ్డవాడు కాదు. ఒకప్పుడు అతని తర్వాత ఉద్యోగంలో చేరినవాడికి అతని కన్నా ఎక్కువ జీతం పడింది. ఆ అన్యాయం మీద అర్జీలు పెట్టి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ట్రిబ్యునల్‌కెక్కి, జుట్టు నెరిసే నాటికి గెలిచాడు. అప్పటి నుంచీ ఏ రెండు వస్తువులను చూసినా వాటిలో సీనియర్ ఏదో తేల్చుకోందే అతనికి ముద్ద దిగదు.

“రెండో కంప్యూటర్ అని రాశారు,” అన్నాడు అర్జీ చదివి. “అంటే జూనియరన్నమాట.”

“జూనియరూ సీనియరూ ఏముందండీ. ఊళ్ళకి పట్టుకెళ్ళడానికి చిన్నది.”

“చిన్నదంటే జూనియరేనండి. మన కంప్యూటర్ మెమొరీ ఎంతో తెలుసా మీకు? అర జీబీ. మీరు అడిగినదానికి?”

“చవకరకమే కదండీ. నాలుగు జీబీ. అంతకన్నా తక్కువవి ఇప్పుడు రావడం లేదు.”

సన్యాసిరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. పాత గాయం రేగినట్టుంది, గొంతు కూడా మారింది.

“అరెక్కడ, నాలుగెక్కడ! ఎనిమిది రెట్లండీ! నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు వచ్చిన యంత్రమది. అంత సర్వీసున్నదాని కళ్ళముందు నిన్నగాక మొన్న చేరింది ఎనిమిది రెట్లు డ్రా చేస్తుంటే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? జూనియర్ సీనియర్‌ని మించకూడదు. ఇది నా మాట కాదు, నేను గెలిచిన తీర్పు.”

“కంప్యూటర్ ట్రిబ్యునల్‌కి వెళ్తుందాండీ?”

“నోరు లేనిది కాబట్టి వెళ్ళదు. అందుకే మనం చూసుకోవాలి. నోరు లేనివాటిని చూసుకోవడమే కదా మన శాఖ పని.”

విషయం ఉప సంచాలకులు గోవర్ధన పట్నాయక్ గారి గదికి చేరింది. ఆయన ఏ సంగతినీ అవుననరు, కాదనరు. ‘సూత్రప్రాయంగా’ అంటారు. ఆ ఒక్క మాటతో ఉద్యోగంలో ఇంతదాకా ఎక్కి వచ్చారు.

“సూత్రప్రాయంగా డాక్టరుగారి అవసరం సమంజసమైనది,” అన్నారాయన కళ్ళు సగం మూసుకుని. “సూత్రప్రాయంగా సన్యాసిరావుగారి అభ్యంతరం కూడా సమంజసమైనదే. కనుక అవసరమును తీర్చుచూ, అభ్యంతరమునకు లోబడి ఉండు ల్యాప్‌టాప్‌ను ఎంపిక చేయు నిమిత్తం త్రిసభ్య సంఘమును నియమించడమైనది. సభ్యులు మనం ముగ్గురమే.”

*

త్రిసభ్య సంఘం జీపెక్కి పట్నం బజారుకు పోయి, కంప్యూటర్ల కొట్టులో కూచుంది. కొట్టు యజమాని కూల్‌డ్రింకులు తెప్పించి, చిన్న ల్యాప్‌టాప్‌లు మూడు తెచ్చి అద్దాల బల్లమీద పెట్టాడు. హేమసుందరి ఒక్కొక్కటీ ఒంటిచేత్తో ఎత్తి బరువు చూసింది. మీటలు టపటపా కొట్టి చూసింది. వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో తెర కనిపిస్తోందో లేదో చూసింది. బూడిదరంగుది ఆమె మనసుకు పట్టింది. అందచందాలేమీ లేవు గానీ స్కూటీ మీంచి జారిపడినా లేచి పనిచేసేలా ఉంది.

“ఇది బాగుందండీ,” అంది.

“బాగుండడమే ఇబ్బంది మేడమ్,” అని సన్యాసిరావు యజమాని వైపు తిరిగాడు. “ఇంతకన్నా తక్కువది లేదా?”

“ధర తగ్గించమంటారాండీ? గవర్నమెంటువారు కాబట్టి కొంత చూస్తాను.”

“ధర కాదయ్యా. తెలివి తగ్గాలి.”

యజమాని ఆ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “ఈ కొట్టు పెట్టినప్పటి నుంచీ ‘ఇంతకన్నా స్పీడుది ఉందా’ అని అడగనివాళ్ళు లేరండి. మందకొడిది కావాలని వచ్చినవాళ్ళు మీరే.”

“ప్రైవేటు వ్యక్తులకు వేగం ప్రధానం,” అన్నారు పట్నాయక్ గారు. “ప్రభుత్వమునకు క్రమం ప్రధానం.”

యజమానికి పట్టుదల వచ్చింది. బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేక లోపలికి వెళ్ళి, అర మీంచి దుమ్ము దులుపుకుంటూ ఒక గులాబీరంగు డబ్బా తెచ్చాడు. పిల్లల ఆట ల్యాప్‌టాప్. ఒక మీట నొక్కితే కోడి కూస్తుంది, ఇంకోటి నొక్కితే ఆవు అరుస్తుంది.

“దీనికి మెమొరీ ఎంత?” అన్నాడు సన్యాసిరావు ముందుకు వంగి.

“బొత్తిగా లేదండి.”

సన్యాసిరావు మొహం వికసించింది. “చిన్నది. చవకది. సీనియర్‌ని కలలో కూడా మించదు. పైపెచ్చు ఆవు అరుపుంది, మన శాఖకు సంబంధించిందే.”

పట్నాయక్ గారు ఆవు మీట నొక్కారు. అది అంబా అంది. మళ్ళీ నొక్కి విన్నారు. “సూత్రప్రాయంగా...” అని మొదలుపెట్టారు.

హేమసుందరికి ఒళ్ళు మండిపోయింది. “సార్, తాడిగూడలో పశువులు కూలబడుతున్నాయి. మీరు ఇది కొంటే నేను దీన్నే చంకన పెట్టుకుని తిన్నగా కలెక్టరుగారి దగ్గరికి వెళ్తాను. మా శాఖ ఇచ్చిన కంప్యూటర్ ఇదేనని చెప్పి ఆయనకీ ఈ అరుపు వినిపిస్తాను.”

పట్నాయక్ గారు మీట మీంచి వేలు తీసేశారు. చివరికి సంఘం ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికొచ్చింది. ‘బూడిదరంగు ల్యాప్‌టాప్‌ను కొనుగోలు చేసి, సీనియర్ స్థాయికి లోబడునట్లు తగు రీతిన తగ్గించి, విధుల్లోకి తీసుకొనవలెను.’

*

ల్యాప్‌టాప్ మంచిరోజు చూసుకుని ఉద్యోగంలో చేరింది. సన్యాసిరావు దానికి బొట్టు పెట్టి, చేరిక రిపోర్టు రాయించి, దాని తరఫున హేమసుందరి చేత సంతకం పెట్టించాడు. రెండేళ్ళు ప్రొబేషన్ అన్నాడు. తర్వాత తగ్గింపు మొదలైంది.

కొట్టు నుంచి మనిషిని పిలిపించి దాని మెమొరీ కోయించారు, వేగం తగ్గించారు. పాపం, అది మీట నొక్కాక ఆలోచించుకుని ఆలోచించుకుని అక్షరం వేసే స్థితికి వచ్చింది. అయినా సన్యాసిరావుకు తృప్తి కలగలేదు. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. బల్లమీది కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. ల్యాప్‌టాప్ ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది.

“చూశారా మేడమ్! సీనియర్ పడిపోతే ఇది కనీసం తల కూడా దించలేదు,” అన్నాడు. “పొగరు కాకపోతే ఏటండి ఇది?”

“దాన్ని బ్యాటరీ అంటారండి. అందుకోసమే కదా కొన్నాం.”

“సీనియర్‌కి లేని సౌకర్యం జూనియర్‌కి ఎలా ఇస్తామండి?”

కొట్టు మనిషి చేతే వెనక మూత విప్పించి బ్యాటరీ పీకించాడు. దాన్ని బీరువాలో పెట్టి, తాళం మీద లక్కముద్ర వేశాడు. ఇంకో కట్టుబాటు కూడా రాశాడు. జూనియర్ ఏ రిపోర్టునూ నేరుగా పైకి పంపరాదు. ముందు సీనియర్‌కు సమర్పించుకోవాలి. సీనియర్ చూసి ముందుకు తోస్తేనే అది శాఖకు చేరుతుంది.

“బ్యాటరీ లేకుండా కొట్టంలో ఇదెలా పనిచేస్తుందండీ?” అంది హేమసుందరి.

“ఊళ్ళో కరెంటు లేదా?”

“ఇళ్ళల్లో ఉంది. కొట్టాల్లో లేదు.”

“అయితే పశువును ప్లగ్గు దగ్గరికి తెమ్మనండి,” అన్నాడతను చాలా శాంతంగా. “ప్రభుత్వం ఇంత చేస్తున్నప్పుడు పశువు ఆ నాలుగడుగులు వేయలేదా?”

*

ఎర్నమ్మ ఇంట్లో ప్లగ్గు ఒక్కటే. ఫ్యాను తీగ పీకి అందులో ల్యాప్‌టాప్ పెట్టారు. అది తెరుచుకునేలోగా ఎర్నమ్మ పొయ్యి మీద గంజి కాగింది. ఆలోగా హేమసుందరి కొట్టంలోకి వెళ్ళి ఎద్దుల ఒళ్ళు తడిమి చూసింది. ఎడం కాడిది నిక్షేపంగా ఉంది. కుడి కాడి ఎద్దు మెడ కింద ఆమె వేళ్ళకు గడ్డ తగిలింది, దాని పక్కనే ఇంకోటి. చెవులు కాలిపోతున్నాయి.

ఆమె మొహం చూడగానే ఎర్నమ్మకు అర్థమైపోయింది. “వచ్చీసిందా అమ్మా?” అని కొట్టం గుంజ పట్టుకుని నిలబడిపోయింది.

ఆ ఎద్దుకు జ్వరం మందిచ్చి, గడ్డలకు పూత పూసి, వేరే చోట కట్టించింది హేమసుందరి. ఆ పైన లోపలికొచ్చి, ల్యాప్‌టాప్ ముందు గొంతుక్కూచుని ఊరి పరిస్థితంతా ఒక్కొక్క అక్షరంగా ఎక్కించింది. చివరి మీట నొక్కాక తెర మీద ఒక వాక్యం వచ్చింది. ‘తమ నివేదిక సీనియర్ పరిశీలనలో ఉన్నది.’

ఎంత సేపైనా ఆ వాక్యం కదల్లేదు. ఆఫీసుకు ఫోను చేసింది.

“సీనియర్ పొద్దుటి నుంచీ లేవట్లేదు మేడమ్,” అన్నాడు సన్యాసిరావు. “మీట నొక్కితే చిన్న మూలుగు వచ్చింది. ఇప్పుడు అదీ లేదు.”

“అయితే నా రిపోర్టు నేరుగా పంపేయనివ్వండి!”

“సీనియర్ ఉండగా ఎలాగండి?”

“లేవట్లేదన్నారుగా!”

“లేవకపోతే లేనట్టు కాదు మేడమ్. సెలవు పెడితే లేనట్టు. సీనియర్ సెలవులో ఉంటే జూనియర్‌కు ఇన్‌ఛార్జి ఇవ్వచ్చు, నిబంధన ఉంది. మెడికల్ లీవుకి డాక్టరు సర్టిఫికెట్ కావాలి.” అంతలో అతని గొంతు ఉషారుగా పలికింది. “అన్నట్టు, మన ఆఫీసులో డాక్టరు మీరే కదా!”

హేమసుందరి స్కూటీని ఎలా నడిపిందో ఆమెకే తెలీదు. ఆఫీసులో బల్లమీది కంప్యూటర్ చుట్టూ పట్నాయక్ గారూ సన్యాసిరావూ రోగి మంచం పక్కన చుట్టాల్లా నిలబడి ఉన్నారు. ఆమె దాని పక్క రేకు విప్పింది. లోపల ఎలుక పిల్లల్ని పెట్టి వెళ్ళిపోయిన గూడుంది. తీగలు సగం కొరికేసి ఉన్నాయి.

“ఎన్ని రోజులు విశ్రాంతి రాయమంటారు?” అన్నారు పట్నాయక్ గారు.

“విశ్రాంతి రాయను సార్.” ఆమె తన సంచిలోంచి పశువుల కళేబర పరీక్ష కాగితం తీసింది. ఆ శాఖలో చావును నిర్ధారించే అధికారం ఉన్నది ఆమెకొక్కదానికే. మెడికల్ లీవు ఇస్తే మళ్ళీ పొడిగింపులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు. అంత ఓపిక ఎర్నమ్మ ఎద్దుకు లేదు. ‘జాతి: బల్ల కంప్యూటర్. వయసు: మీరినది. మరణ కారణము: మూషిక దష్టము’ అని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కొట్టింది.

సన్యాసిరావు ఆ కాగితం చదివి నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ రోజుకు ఆఫీసు మూసేశారు.

*

సీనియర్ పోస్టు ఖాళీ అయింది కాబట్టి పదోన్నతుల కమిటీ కూర్చోవాలి. అర్హత ఉన్న ఏకైక అభ్యర్థి ల్యాప్‌టాపే. ప్రొబేషన్ పూర్తి కాలేదన్న చిక్కు ఒకటి వచ్చింది. దాన్ని సడలించమని పైకి రాశారు. పైనుంచి ‘సడలించడమైనది’ అని వచ్చేదాకా ల్యాప్‌టాప్ ఎవరి చేతికీ ఇవ్వకుండా కట్టిపెట్టారు, అప్పుడది ఏ హోదాలో పనిచేయాలో తేలక. తాడిగూడలో ఆలోగా జబ్బు ఇంకో వీధి దాటింది. కమిటీ కూచుని పదోన్నతి ఇచ్చిన పొద్దునే ఎర్నమ్మ కుడి కాడి ఎద్దు చచ్చిపోయింది.

ఆ సంగతి తెలియక హేమసుందరి ఆ మధ్యాహ్నం ఆశగా ఆఫీసుకొచ్చింది. ల్యాప్‌టాప్ మెడలో బంతిపూల దండుంది. కోసేసిన మెమొరీ తిరిగి పెట్టారు. లక్కముద్ర పగలగొట్టి బ్యాటరీ ఇచ్చేశారు. ఇప్పుడది మీట తాకీ తాకకముందే పలుకుతోంది.

“అభినందనలండీ,” అంది దాన్ని అందుకోబోతూ. అది బల్ల మీంచి కదల్లేదు. వంగి చూస్తే నాలుగు మూలలా ఇనప పట్టీలతో బల్లకు బిగించి ఉంది.

“ఇదేమిటండీ?”

“అదిప్పుడు మొదటి కంప్యూటర్ మేడమ్,” అన్నాడు సన్యాసిరావు. “కార్యాలయ ప్రధాన యంత్రం హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళకూడదు. మీరు తిరగడానికి ఇంకో రెండోదానికి పెట్టుకోండి. ఈసారి ఇబ్బందే లేదు. సీనియర్ ఘనమైంది కాబట్టి దానికన్నా తక్కువవి బజారులో బోలెడు.”

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఎర్నమ్మ పక్కింటాయన ఎద్దు సంగతి చెప్పాడు.

హేమసుందరికి ఏడుపొచ్చింది. దాని వెనకే ఎన్నడూ రానంత కోపం వచ్చింది. ఎవరి మీద అరవాలో చూసింది. ఎదురుగా సన్యాసిరావు నిష్కల్మషంగా నవ్వుతున్నాడు. ఆమె అరవలేదు. కుర్చీ లాక్కుని బిగించిన ల్యాప్‌టాప్ ముందు కూచుని, తాడిగూడలోని ఆవులు, ఎద్దులు, పెయ్యలు, దూడలన్నిటినీ జబ్బు ముప్పులో ఉన్న మందగా వరసపెట్టి ఎక్కించేసింది. రిపోర్టు రెప్పపాటులో పైకి పోయింది. ఇప్పుడు దాన్ని ఆపే సీనియర్ లేదు మరి.

రాజధానిలో గోడంత పటం మీద రంగవలస ఆఫీసు ఎర్రగా భగ్గుమంది. ఒక సర్కారు కట్టడంలో ఊరంత మంద రోగాన పడబోతోందంటే పెద్దలు ఉలిక్కిపడ్డారు. రెండో రోజుకల్లా టీకాల బండి వచ్చి ఆఫీసు ముందాగింది. దాంతో పాటే ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ‘టీకాలను ఎట్టి పరిస్థితులలోను తిప్పి పంపరాదు. పటములో చూపిన స్థలమునందే వేయవలెను. స్థలము మార్చిన బాధ్యులపై చర్య తీసుకొనబడును.’

సన్యాసిరావు తెల్లమొహం వేశాడు. “ఇక్కడే వేయాలంట. ఎవరికి వేస్తామండి? ఆవరణలో పశువులు లేవు కదా.”

“వస్తున్నాయండి,” అంది హేమసుందరి.

జబ్బున్న ఊళ్ళోంచి మందను కదిలించడం ఆమె చదువు ఒప్పుకోని పని. తప్పని తెలిసే చేసింది. గడ్డలున్నవాటినీ, ఒళ్ళు వెచ్చగా ఉన్నవాటినీ ఊళ్ళోనే వేరుగా కట్టించి, బాగున్నవాటినే ఏరి, దారిలో ఇంకో మంద తగలకుండా పాడుబడ్డ డొంకదారిలో తోలించింది. ఆఫీసు గేటు దగ్గర దుమ్ము లేచింది. చూస్తుండగానే తాడిగూడ గొడ్డూగోదా గేట్లోంచి, వరండాలోంచి, పట్నాయక్ గారి గది దాకా నిండిపోయాయి. ఒక గేదె ‘ముందస్తు అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్న బోర్డుకు ఒళ్ళు రుద్దుకుంటూ నిలబడింది.

“సూత్రప్రాయంగా ఇది...” అంటూ పట్నాయక్ గారు కుర్చీ ఎక్కారు.

“ఉత్తర్వు సార్,” అని హేమసుందరి ఆ కాగితాన్ని ఆయన చేతిలో పెట్టి సిరంజి అందుకుంది.

సన్యాసిరావు మాత్రం తన ధర్మం తప్పలేదు. దూడలు ముందుకు తోసుకొస్తుంటే అడ్డుపడి, “ముసలివి ముందు! పెయ్యలు వెనక్కి! సీనియారిటీ, సీనియారిటీ!” అని చెమటలు కక్కుతూ మందను వయసు ప్రకారం నిలబెట్టబోయాడు. పని పూర్తయ్యేసరికి పట్నాయక్ గారు కుర్చీ దిగి, ఫొటోలు తీయించుకున్నారు. ‘అక్కడికక్కడే’ పథకం కింద ఇంత మంది పశులబ్ధిదారులకు ఒకే కప్పు కింద సేవలందించిన కార్యాలయం ఇదే మొదటిదని, ఇకపై అన్ని ఊళ్ళ పశువులూ ఆఫీసుకే రావలెనని అక్కడికక్కడే ప్రకటించారు.

మంద కదిలిపోయాక ఎర్నమ్మ ఒక్కతే మిగిలింది. ఒంటి ఎద్దు ముకుతాడు పట్టుకుని మెట్ల పక్కన నిలబడి ఉంది. హేమసుందరి దాని మెడ మీద టీకా వేసి, సూది తీసి, గుచ్చిన చోట వేలితో రుద్దింది.

“నన్ను క్షమించు ఎర్నమ్మా. ఆ టీకా నీ రెండో ఎద్దుకి అందాల్సింది.”

“నువ్వేటి సేస్తావమ్మా. తిరగనేదా, అడగనేదా,” అంది ఎర్నమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “వాన పడితే ఒంటెద్దుతో నాగలెలగ కట్టాలో, అదొక్కటే తెల్దు.”

సన్యాసిరావు ఈ మాట విన్నాడు. పొద్దుటి నుంచీ మందతో పడిన పాట్లకు చొక్కా చిరిగి, మోకాలు గీరుకుపోయినా అతనికి జాలి కలిగింది. ఆ జాలి నిజమైందే. జేబులోంచి పెన్ను తీసి దగ్గరికొచ్చాడు.

“దిగులు పడకమ్మా. రెండో ఎద్దుకి అర్జీ నేనే రాసిపెడతాను. మొదటిదాన్ని మించకుండా చూసుకుంటే శాంక్షన్ అవుతుంది. ఈ ఎద్దు నీ దగ్గర ఎప్పుడు చేరిందో చెప్పు.”

ఎర్నమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

“నాను కొత్తగా ఏటీ అడగనేదు బాబూ,” అంది. “ఉన్న జతని ఉండనియ్యమన్నాను.”

ముకుతాడు లాగి, ఎద్దును తోలుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. సన్యాసిరావు కాగితం మీద తేదీ వేసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక అక్కడే నిలబడ్డాడు.